గెస్టు కంచం

మేడమీది గదికి పేయింగ్ గెస్టుని పెట్టుకుందామని మా ఆయన అన్నప్పుడు, మా అత్త చెవికి ఆ రెండో మాటే ఎక్కింది. "గెస్టంటే విరుందాళే గదా," అంది. తమిళుల మధ్య, సారం పేటలో తరాలుగా ఉన్న ఇల్లు మాది. ఇంట్లో తెలుగే అయినా అతిథికి మాత్రం మా నోట్లో తమిళ మాటే.

వచ్చింది యానాం పిల్ల, కాలాపేట యూనివర్సిటీలో ఎమ్మే చదువుతోంది. మొదటి రోజు అన్నం తిని కంచం ఎత్తబోతే మా అత్త చెయ్యి పట్టేసింది.

"పెట్టు కింద! తిన్నోళ్లే ఎంగిలెత్తితే పెట్టిన పుణ్యం నాకు యాడ్నించి వస్తాది?"

"మా ఇంట్లో నేనే కడుగుతానండి, మామ్మగారూ."

"అది మీ ఇల్లు."

మావాళ్లలో భోజనానికి వచ్చినవాళ్లు తమ ఆకు తాము తియ్యరు. ఒక పూట వచ్చి పోయేవాళ్లకి అది మర్యాద. ఈ పిల్లకి అదే నెలల తరబడి జరిగింది. ఆమె వంటింటి గడప దాటడం మానేసింది. మంచినీళ్లు కావాలన్నా గుమ్మంలో నిలబడి అడిగేది.

ఒక ఆదివారం మేడమీద బట్టలారేస్తుంటే నాతో అంది: "పిన్నిగారూ, హాస్టల్లో ఖాళీ ఉందంటండి. వెళ్లిపోదామనుకుంటున్నాను."

"ఏం లోటు జరిగిందమ్మా?"

"ఏ లోటూ లేదండి. అచ్చం చుట్టంలా చూస్తున్నారు. చుట్టాలింట్లో ఎన్నాళ్లుంటామండి?"

నేను బడికి పోలేదు. తెలుగూ ఇంగ్లీషూ మా నాన్న ఇంట్లోనే చెప్పాడు. అట్ట ఊడిన డిక్షనరీలో ఏ మాట తీసినా, చివర చిన్న అక్షరాల్లో ఉండే దాని పుట్టుక కూడా చదివించేవాడు. ఆ చదువు ఇచ్చినందుకు ఇప్పటికీ పూజలో ఆయన్ని తలుచుకుంటాను. ఆ మధ్యాహ్నం గెస్టు అన్న మాట తీశాను.

వచ్చినవాళ్లని చెప్పే గెస్టూ, పిలిచినవాళ్లని చెప్పే హోస్టూ ఒకే పాత మాటకి పుట్టాయట. ఆ పాత మాటకి అర్థం పరాయివాడు. లాటిన్‌లో శత్రువు అన్న మాట కూడా దాని సంతానమే. గడప ముందు కొత్తమనిషి నిలబడితే అన్నం పెట్టాలో కర్ర తియ్యాలో తేలని రోజుల మాట కాబోలు.

చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తకి చెప్పాను. "గెస్టంటే మొదట్లో పరాయోళ్లనేనంట, అత్తా."

"ఎవురు రాసినారు?"

"తెల్లోళ్లు."

"వాళ్లింటికి ఎవురూ పోయుండరు."

అప్పుడు పిల్ల వెళ్లిపోతానంటున్న సంగతి చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏందే? నేనేం తక్కువ చేసినా?"

"ఏం తక్కువ చెయ్యలా. కంచం ముట్టుకోనియ్యలా, అంతే."

ఆమె మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. ఆమెకది చిన్న సంగతి కాదు. ఉపవాసాలుండి, వచ్చినవాళ్లకి పెట్టి, తనదంటూ కూడబెట్టుకున్నది ఆ పుణ్యమొక్కటే.

సాయంత్రం పిల్ల తినడం అయింది. అలవాటు ప్రకారం కంచం వదిలేసి లేవబోయింది.

"ఏం పాపా, అట్నే పోతే ఎవురు కడుగుతారు? మీ అమ్మ నేర్పలా?" అంది మా అత్త. తన కంచం కూడా ఆమె వైపు తోసింది. "ఇదీ తీసుకో."

పిల్ల నా వైపు చూసింది. నేను సాంబారు గిన్నె మీద మూత పెట్టుకుంటున్నాను. ఆమె రెండు కంచాలూ ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. కొళాయి విప్పిన చప్పుడైంది.

"కొళాయి అంత తిప్పొద్దే!" అత్త కేక వేసింది.

"అలాగే, మామ్మా!"