మూడో పీరియడ్ కిటికీ

మా కోడలు గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. మొన్న ఫోను చేసి, అత్తయ్యా, మా టీచర్లందరి చేతా చీటీలు తీయించారు, ఎవరి పేరు వస్తే వాళ్ల గురించి ఒక మంచి మాట కార్డు మీద రాసివ్వాలట, నాకు డ్రిల్లు మాస్టారు వచ్చారు, ఆయన గురించి నాకేం తెలుసు, మీరు తెలుగు టీచరుగా చేశారు కదా, రెండు ముక్కలు చెప్పండి అని అడిగింది. రెండు ముక్కలేం ఖర్మ, రెండు పేజీలు చెప్పగలను గాని, నా మనసు అప్పటికే దివిసీమలో నేను మొట్టమొదట ఉద్యోగం చేసిన హైస్కూలుకి వెళ్లిపోయింది.

అప్పట్లో బందరులో మా పుట్టింటి నుంచే వెళ్లివచ్చేదాన్ని. చల్లపల్లి మీదుగా మోపిదేవి దాకా బస్సు, అక్కడినుంచి రిక్షా. మా హిందీ టీచరుగారు నాకంటే ముందే బస్టాండుకి చేరి, కిటికీలోంచి చేతిరుమాలు వేసి నాకు సీటు ఆపేవారు. మెచ్చుకోవడాలూ గట్రా మా ఇద్దరి మధ్యా ఎన్నడూ లేవు గాని, ఆ రుమాలు కనబడితే చాలు, రోజంతా హుషారుగా ఉండేది. మన తరంవాళ్లకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదనుకోండి.

చిక్కంతా లెక్కల మాస్టారితోనే. మా నాన్నగారి వయసు మనిషి, నవ్వగా చూసినవాళ్లు లేరు. టైం టేబులు వేసేదీ ఆయనే, ఏ స్కూల్లోనైనా ఆ పని లెక్కలవాళ్ల నెత్తినే పడుతుంది కదా. తొమ్మిదో తరగతికి నా పద్యం పీరియడ్ రోజూ మూడోది. సరిగ్గా అప్పుడే ఆయనకి ఖాళీ. హాయిగా స్టాఫ్‌రూములో కూర్చోవచ్చుగా, కుర్చీ తెచ్చి వరండాలో మా కిటికీ పక్కనే వేసుకుని, ఒళ్లో దిద్దాల్సిన పుస్తకాలు పెట్టుకుని కూర్చునేవారు. కొత్త పంతులమ్మ ఎక్కడ తడబడుతుందా అని కనిపెడుతున్నారని నేను నిశ్చయించుకున్నాను. రాగం తీయబోతే అపశ్రుతి పలికేది, పిల్లలు కిసుక్కున నవ్వేవారు. వచ్చే మాస్టారికి బోర్డు తుడిచి ఇవ్వడం మా స్కూల్లో కనీస మర్యాద. నాలుగో పీరియడ్ అదే గదిలో ఆయనది కాబట్టి, నేను కావాలనే బోర్డు నిండా పద్యం రాసి తుడవకుండా వచ్చేసేదాన్ని, చేతులరిగేలా తుడుచుకోనీ అనుకుంటూ.

దసరా సెలవులకు ముందు ఇక నావల్ల కాక, బదిలీ ఇప్పించకపోతే ఉద్యోగమే మానేస్తానని కాగితం రాసి హెడ్మాస్టారి చేతికిచ్చాను. ఆయన కారణం అడిగి, అంతా విని, కళ్లజోడు తీసి నవ్వడం మొదలుపెట్టారు.

"ఎంత మాటమ్మా! టైం టేబులు వేసేటప్పుడు ఆయన మొట్టమొదట నింపేది ఆ గడేనండీ. మీ పద్యం వినాలి, ఆ పీరియడ్ నాకు ఖాళీగా ఉండాల్సిందేనని నాతో పోట్లాడి మరీ పెట్టుకున్నారు. మీకు చెప్పలేదూ?"

చెబితే కదా! చచ్చేంత సిగ్గు వేసింది, అంతకు రెట్టింపు సంతోషమూ వేసింది. కాగితం వెనక్కి తీసేసుకున్నాను. మర్నాడు కిటికీవైపు తిరిగి గొంతెత్తి పాడాను, పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. పీరియడ్ అయ్యాక, చేసిన తప్పుకి ప్రాయశ్చిత్తంగా, బోర్డు రెండుసార్లు తుడిచి నిగనిగలాడించి వచ్చాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర క్యారియరు విప్పుతూ, లెక్కల మాస్టారు మొదటిసారి నాతో పలికారు.

"ఇవాళ పద్యం తుడిచేశారేంటమ్మా? రోజూ ఎక్కించుకుంటున్నానండీ, ఇవాళ్టిది పోయింది."

జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి చూపించారు. ఇన్నాళ్ల నా కోపమంతా ఆయన ముత్యాల్లాంటి చేతిరాతలో, తేదీలతో సహా, వరసగా ఉంది. నేను సంగతి ఒప్పేసుకున్నాను. హిందీ టీచరుగారికి నవ్వుతో పొలమారింది, ఎన్నడూ నవ్వని మాస్టారు కూడా నవ్వేశారు. ఆ రోజు పద్యం మళ్లీ చెప్పి రాయించాను. ఆ తర్వాత ఆ స్కూల్లో ఆరేళ్లున్నాను, బోర్డు ఒక్కనాడూ తుడవలేదు.

ఇదంతా కోడలికి చెప్పి, కార్డు సంగతి తర్వాత, ముందు నీ ఖాళీ పీరియడ్‌లో గ్రౌండు దగ్గర నిలబడి ఆయన పిల్లలచేత డ్రిల్లు ఎలా చేయిస్తారో చూడమన్నాను. నా ఖాళీ ఏ వారానికి ఆ వారం మారిపోతుందత్తయ్యా, టైం టేబులు ఇప్పుడు కంప్యూటరే వేస్తుంది అంది. బాగానే వేస్తుంది కాబోలు, తప్పులూ ఉండవేమో. కానీ ఎవరి పాఠం వినాలని ఎవరి మనసు కొట్టుకుంటోందో, పాపం, దానికెవరు చెబుతారు?