పడవెక్కిన పొట్టేలు

నా చిన్నప్పుడు నాకు తెలియని సంగతి ఒక్కటీ ఉండేది కాదు. తెలియనివి కొన్ని ఉంటాయన్న సంగతే తెలియకపోవడం దానికి కారణం. ఆ రోజుల్లోనే రైలు తరఫున మా తాతయ్యతో పందెం కాసి, నా ప్రాణంలాంటి పొట్టేలు పిల్లను ఓడిపోయాను.

మాది సీతారామపురం దగ్గర ఒక మెట్ట పల్లె. గొర్రెలే మా ఆస్తి, వాటి అరుపులే మా రేడియో. ఒకసారి నాయన గొర్రెలు అమ్మడానికి కావలి పోతూ నన్నూ వెంట తీసుకెళ్ళాడు. అక్కడ రైలు గేటు దగ్గర గూడ్సుబండి చూశాను. ముందు ఒక్క ఇంజను, వెనక కనుచూపు మేర పెట్టెలు. అంత బరువును అది కూత వేసుకుంటూ లాక్కుపోతుంటే నోరు తెరిచాను. తెరిచిన నోరు చాలా రోజులు మూయలేదు. కనపడిన వాళ్ళకల్లా రైలు కథే చెప్పాను.

ఆ ఏడు వానలు వెలిశాక ఆత్మకూరు పక్కన ఉన్న అవ్వ వాళ్ళ ఊరికి పోయాను. నా పొట్టేలు పిల్ల కూడా బస్సులో నా కాళ్ళ దగ్గరే కూర్చుని వచ్చింది. నేను నాలుక మడిచి మందను పిలిచే కూత ఒకటి వేస్తే చాలు, అది ఎక్కడున్నా దూకి వచ్చేది.

మా తాతయ్య, అంటే అమ్మ నాయన, వయసులో ఉన్నప్పుడు సముద్రం పక్కన బకింగ్‌హాం కాలువలో ఉప్పు పడవలు నడిపాడు. అప్పుడు ఊరి చెరువు కట్టకు రాళ్ళు పరిచే పని జరుగుతోంది. కట్ట మీద కొంత దూరం పట్టాలు వేసి, ట్రాలీలో రాళ్ళు తోసేవాళ్ళు. పట్టాలు ఆగిపోయిన చోట అవే రాళ్ళు తాతయ్య పడవలోకి ఎక్కేవి. కట్ట మీద నడుస్తూ తాడుతో ఆ పడవను లాక్కుపోవడం ఆయన పని.

అడుగు చదునుగా, తారు పూసి ఉన్న ఆ పడవ నా కంటికి ఆనలేదు. "ఇదేం బండి తాతా? రైలయితే ఒక్క గుంజుకు నీ చెరువును కూడా లాక్కుపోద్ది" అన్నాను.

ఆయన చుట్ట తీసి, "పట్టాల మీదకన్నా నీళ్ళ మీద బరువుకి బలం తక్కువ పట్టద్దిరా" అన్నాడు.

"పందెమా?"

"ఏం పెడతావు?"

నా దగ్గర ఉన్నది పొట్టేలు పిల్ల. ఆయన దగ్గర పెట్టదగ్గది మీసం. ఒకే బరువును పట్టాల మీదా, నీళ్ళ మీదా నేనే లాగి చూడాలి. నేను ఓడితే పిల్ల ఆయనది, ఆయన ఓడితే మీసం తీయించుకోవాలి. ఇంటికొచ్చి చెబితే అవ్వ చేట పక్కన పెట్టి, "వద్దు నాయనా, ఈయన మీసం మీదకి వచ్చే పందెం కాసే మనిషి కాదు" అంది. రైలుకు పట్టాలుండేవి, నాకు పట్టుదల ఉండేది. బుద్ధి మాత్రం ఇద్దరికీ లేదు.

కూలీలు అన్నానికి కూర్చున్నప్పుడు తాతయ్య నిండు ట్రాలీకి తాడు కట్టి కొస నా చేతికిచ్చాడు. గుండెలు అదిరేలా లాగితే చక్రాలు కిర్రుమని కదిలాయి. రొప్పుతూ కొంత దూరం లాగాను. కట్ట కాస్త ఎత్తయిన చోట ట్రాలీ ఆగింది, నేను కూలబడ్డాను. కూలీలు లేచాక అవే రాళ్ళు పడవలోకి ఎక్కించారు. అదే తాడు. మొండి పొట్టేలును లాగినట్టు ఒక్క ఊపున గుంజాను. తాడు అరచేతులు కోసింది కానీ పడవ కదల్లేదు. "మీసం!" అని ఎగిరాను.

"గుంజినావు గానీ ఆగినావా? నీళ్ళకి కూసింత టైమియ్యాల. తాడు భుజానేసుకో. ఊరికే ముందుకి ఆనుకో."

అయిష్టంగానే ఆనుకున్నాను. ముందు ఏమీ జరగలేదు. తరువాత నాకే తెలియకుండా అడుగు ముందుకు పడింది. వెనక్కి చూస్తే ట్రాలీ నిండిన రాళ్ళన్నీ నా వెంట చప్పుడు లేకుండా వస్తున్నాయి. ఆ సంబరంలో పరుగెత్తబోయాను. పడవ ముందు నీళ్ళు గుట్టగా లేచి తాడు బరువెక్కింది.

"తొందరపడితే నీళ్ళూ తిరగబడతాయి" అన్నాడు తాతయ్య. "మట్టిదోవన ఎద్దులు పడే పాట్లు చూస్తే రైలు దేవుడేరా, కాదన్లేదు. కానీ నిదానంగా పోయే బరువుకి నీళ్ళని మించింది లేదు."

మొన్న మా మనవడు ఫోనులో ఏదో చదివి, సరుకు పడవలకు రైలుకన్నా తక్కువ ఇంధనం చాలట తాతా అన్నాడు. నాకా పాఠం ఫీజుతో సహా గుర్తుంది. ఉదయగిరి దోవలో లోడు లారీలు మూలుగుతూ ఎక్కుతుంటే ఇప్పటికీ నా భుజం ఆ తాడును తలుచుకుంటుంది. ఇంట్లో బరువు పని పడినా, మనిషి కోపంగా ఉన్నా ముందు గుంజను. ఆనుకుని కాస్త ఆగుతాను.

పందెం పందెమే అన్నాడు తాతయ్య. మర్నాడు పొద్దున్నే పిల్లను పడవలో ఎక్కించుకుని, అవతలి గట్టున ఉన్న మా పెద్దమ్మ మందలో కలపడానికి బయలుదేరాడు. నిలబడి గడ వేస్తున్నాడు. పిల్ల నా వైపే చూస్తూ అరుస్తోంది. ఏడవకూడదని పళ్ళు బిగించాను. పడవ మొలలోతు దాటకముందే బిగించిన పళ్ళు వదిలి, నాలుక మడిచి కూత వేశాను.

పిల్ల ఎగిరి దూకింది. ఖాళీ పడవ ఒక పక్కకు ఒరిగింది. తాతయ్య గడతో సహా చెరువులో పడ్డాడు. పిల్ల ఈదుకుంటూ వచ్చి నా కాళ్ళకు చుట్టుకుంది. ఆయన మొలలోతు నీళ్ళలో లేచి నిలబడ్డాడు. మీసం కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కొడతాడనుకున్నాను. నవ్వాడు.

"ఒరే, సరుకు కుదురుగా ఉంటేనేరా పడవ! కాళ్ళుండే సరుకుకి రైలే మేలు. తీసుకుపో నీ పిల్లని."

పిల్లను ఎత్తుకుని, గట్టు మీద భద్రమైన దూరానికి జరిగి అడిగాను: "రైలే మేలన్నావుగా తాతా, మరి మీసం?"