జోనా వ్రిగ్లీ వంకర పన్ను

జోనా వ్రిగ్లీకి పై వరసలో ముందు పన్ను ఒకటి పక్క పన్ను మీదికి ఎక్కి ఉండేది. ఉత్తర ఇంగ్లండు కొండల్లో మా ఊరు థార్న్‌క్లఫ్‌లో దాన్ని ఎవరూ లోపం అనుకోలేదు. సగం తెరిచిన తలుపులా ఉందని బడిలో రెండేళ్లు వాణ్ణి 'తలుపు' అని పిలిచాం. తర్వాత వాడు కార్నెట్ పట్టుకున్నాడు. పిలవడం మానేశాం.

కార్నెట్ బాకా కన్నా పొట్టిది, శబ్దం కూడా మెత్తన. ఆ శబ్దం ఊదేవాడి పెదవికీ పంటికీ మధ్య ఎక్కడో తయారవుతుంది. జోనాకి ఆ ఎక్కిన పన్ను దగ్గర తయారైంది. వాడి తాత వాల్టర్‌కీ అదే పన్ను, అదే వంకర. వాల్టర్ మా ఊరి ఇత్తడి బ్యాండులో ముప్ఫై ఏళ్లు మొదటి కుర్చీలో, అంటే ముఖ్య కార్నెట్‌వాడి చోట, కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్లకి జోనా ఆ కుర్చీలోకి వచ్చాడు.

రెండో కుర్చీ నాది. మొదటివాడు ఊపిరి తీసుకునేటప్పుడు పాట తెగకుండా అందుకోవడం రెండోవాడి పని. వినేవాళ్లకి తేడా తెలియకూడదు. తెలియలేదంటే నేను బాగా చేసినట్టు. పరుపుల ఫ్యాక్టరీలో నేను చేసేదీ దాదాపు ఇలాంటిదే, కుట్టు కనబడకూడదు.

జోనా ఒక చోట కూర్చునే మనిషి కాదు. రిహార్సల్లో కూడా కాలు ఆడుతూనే ఉండేది. బ్యాండుకి తాళం వేసి నడిపించే మా కండక్టరు క్లిఫ్ షోఫీల్డ్, జీవితమంతా కొళాయిలు బాగుచేసి రిటైరైనవాడు, కర్రతో స్టాండు మీద కొట్టేవాడు.

"ఒరేయ్ జోనా, ఆ కాలు నీదేనా, ఎవరిదైనా తెచ్చుకున్నావా? తాళం నా చేతిలో ఉంది, నీ మోకాల్లో లేదు."

"మీరు నెమ్మదిగా వేస్తున్నారు మాస్టారూ."

"నేను సరిగ్గా వేస్తున్నాను. నువ్వే రేపటిలో బతుకుతున్నావు."

మెథడిస్టు చర్చి హాల్లో నాటకం వేసేవాళ్లకి సైనికుడి వేషానికి బూర ఊదేవాడు కావాల్సి వచ్చి వాణ్ణి తీసుకున్నారు. మూడు మాటలు, ఒక బూర. ఆ మూడు మాటలతో వాడికి పిచ్చి పట్టింది. బస్టాపులో, చేపలు వేయించే అంగడి ముందు, ఎక్కడ నిలబడినా ఎవరో ఒకరిలా నడిచి చూపించేవాడు. పందొమ్మిదో ఏట లండన్‌లో నాటకాల బడిలో సీటు వచ్చింది.

"నువ్వూ రారా," అన్నాడు నాతో.

"వచ్చి ఏం చెయ్యను?"

"ఏదో ఒకటి. ఇక్కడ మాత్రం ఏం చేస్తున్నావ్?"

ఆ మాట గుచ్చుకుంది. అందుకే వెళ్లలేదు.

బడి అయ్యాక మూడేళ్లు నాటకాల వెంట తిరిగాడు. వేషం వేసినవాళ్లే స్టేజీ మీద వాద్యాలు కూడా వాయించే నాటకాలవి. వాద్యగాళ్లని విడిగా పెట్టుకోనక్కర్లేదు కదా. ఒక వారం బ్లాక్‌పూల్, ఒక వారం హల్, ఇంకో వారం ఇప్స్‌విచ్. ప్రతి వారం కొత్త మంచం, కొత్త అద్దెగది యజమానురాలు, పొద్దున్నే అదే బీన్సు. టీవీలో వేషాలు అప్పుడప్పుడే మొదలయ్యాయి: దొంగ, దొంగ తమ్ముడు, గుర్రాల కొట్టంలో పనివాడు, మొదటి సీను చివర చచ్చేవాడు.

వాడికి వేషాలు చూసిపెట్టే ఇమోజెన్ అనే ఆవిడ ఒకరోజు కాఫీ తాగుతూ చెప్పిందట: "నీ మొహానికి పెద్ద భవంతి, తోటలు అన్నీ ఉన్నాయి జోనా. నీ పన్ను మాత్రం కొట్టంలో పడుకుంటోంది."

ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు.

"ఓవెన్, పన్ను సరిచేయించుకుంటే కార్నెట్ మీద పెదవి పట్టు పోతుందంటావా?"

"పోతుంది."

"మళ్లీ వస్తుందా?"

"కొంతమందికి ఏడాదిలో వస్తుంది. కొంతమందికి రాదు."

"నీకెలా తెలుసు?"

"చదివాను."

"అన్నీ చదువుతావ్ రా నువ్వు. చేసింది ఒక్కటీ లేదు."

వద్దురా అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. వాడు వెళ్లిన దగ్గర్నుంచి మొదటి కుర్చీలో నేను కూర్చుంటున్నాను, ఆ కుర్చీ నాకు బాగుంది. ఇంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు.

పన్ను తిన్నగా అయింది. ఆర్నెల్లలో నౌకాదళం లెఫ్టినెంటుగా ఆదివారం సీరియల్లోకి వచ్చాడు. మా ఊళ్లో ఆదివారం రోడ్లు ఖాళీ అయ్యేవి. వాళ్లమ్మ డెనీస్ బడి క్యాంటీన్‌లో వడ్డించేది. "మా జోనాని చూశావా?" అని అందరినీ అడిగేది. నన్ను మాత్రం వేరేగా అడిగింది: "నవ్వితే వేరే ఎవరి కొడుకులానో ఉన్నాడు కదూ ఓవెన్?"

రెండేళ్లు గడిచాయి. ఒక మే నెలలో వాడు క్లిఫ్ మాస్టారికి ఫోన్ చేసి, విట్ శుక్రవారం వచ్చి బ్యాండుతో వాయిస్తానన్నాడు.

విట్ శుక్రవారం, అంటే పెంతెకొస్తు పండగ తర్వాతి శుక్రవారం, మా కొండల్లో బ్యాండులన్నీ బస్సులేసుకుని ఊరూరా తిరుగుతాయి. ప్రతి ఊళ్లో వీధి పై నుంచి ఊదుకుంటూ దిగి, చివర మైదానంలో నిలబడి ఒక మార్చ్, అంటే కవాతు బాణీ, వాయించాలి. అక్కడొక కారవాన్, చక్రాల మీద గదిలాంటి బండి, ఆగి ఉంటుంది, కిటికీలకి తెరలు దించి. లోపల జడ్జి. ఎవరు వాయిస్తున్నారో అతనికి తెలియకూడదు, చెవి ఒక్కటే పని చెయ్యాలి. మా మార్చ్ మధ్యలో అర నిమిషం పాటు అందరూ తగ్గిపోతే సోలో కార్నెట్ ఒక్కటే పాడుతుంది. ఆ అర నిమిషం వాల్టర్ పేరు మీదే ఉండేది. తర్వాత జోనా పేరు మీద. అది మళ్లీ వాడిదే అని మాస్టారు నన్ను రెండో చోటికి జరిపాడు. "ఒక్కరోజే కదరా," అన్నాడు.

జోనా రిహార్సల్‌కి రాలేదు. తిన్నగా బస్సు దగ్గరికి వచ్చాడు, అందరినీ కౌగిలించుకున్నాడు, నన్ను వెనక సీట్లోకి లాక్కెళ్లాడు.

"ఒరేయ్, నాకు పై స్వరాలు రావట్లేదు."

"ఎంత రావట్లేదు?"

"అస్సలు. పన్ను బాగైనప్పటి నుంచి. రోజూ ఊదుతున్నాను, గాలే వస్తోంది."

"మరి ఎందుకొచ్చావ్?"

"ఇక్కడైతే వస్తుందేమోనని." కిటికీలోంచి గొర్రెల్ని చూశాడు. "ఇక్కడ కూడా రాకపోతే ఇక లేనట్టే కదరా. అప్పటిదాకా ఆ అర నిమిషం నువ్వు వాయించు. నేను ఊదుతున్నట్టు పట్టుకుంటాను."

మొదటి ఊళ్లో పట్టుకున్నాడు. ఎంత బాగా పట్టుకున్నాడంటే, పక్కనుంచి చూసి నేనే నమ్మాను. మెడలో నరం ఉబ్బింది, కళ్లు మూసుకున్నాడు, చివరి స్వరానికి కనుబొమలు కూడా దిగాయి. వాయించేటప్పుడు నేను బస్సు కోసం నిలబడినవాడిలా ఉంటానని మా అక్క అంటుంది. జనం ఫోన్లన్నీ వాడి మీదే. మడత కుర్చీలో కూర్చున్న ముసలావిడ వాడి మణికట్టు పట్టుకుని ఏడ్చింది.

"అచ్చం మీ తాతే నాయనా. అచ్చం వాల్టర్ ఊదినట్టే ఉంది."

"సంతోషం అమ్మా," అన్నాడు వాడు. నేను నా కార్నెట్‌లోని తడి గడ్డి మీదికి విదిలించాను.

రెండో ఊళ్లో ఇంకా బాగా వాయించాను. ఎవరూ చూడరని తెలిస్తే ఎంత ధైర్యంగా వస్తుందో శబ్దం.

మళ్లీ బస్సు కదిలింది. వాడు సీట్ల మధ్య అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. డ్రైవరు అద్దంలో చూసి అరిచాడు: "లెఫ్టినెంట్ గారూ, ఇది ఓడ కాదు, కూర్చోండి!" అందరూ నవ్వారు. వాడు వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"ఆవిడ తాత పేరు చెప్పింది రా."

"విన్నాను."

"నువ్వేమీ అనవేం?"

"నేనేం అనాలి? సంతోషం అని నువ్వు చెప్పేశావుగా."

వాడు గోళ్లు కొరుక్కున్నాడు. "వచ్చే ఊళ్లో నువ్వు ఊదకు," అన్నాడు.

"పోటీ రా ఇది. అందరూ ఏడాది పొడవునా సాధన చేశారు."

"తెలుసు. నువ్వు ఊదకు."

మూడో ఊళ్లో మార్చ్ ఆ అర నిమిషం దగ్గరికి వచ్చింది. అందరూ తగ్గారు. నేను కార్నెట్ దించాను.

మొదటి స్వరం వచ్చింది, సన్నగా. రెండోది వచ్చింది. మూడోది చీలిపోయింది. తర్వాత ఉత్త గాలి, కెటిల్ మూత కింద ఆవిరిలా. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మాస్టారి కర్ర ఆగలేదు గానీ కళ్లు నా మీద పడ్డాయి: అందుకో. నా పని అదే కదా. జోనా నా వైపు చూడకుండానే తల అడ్డంగా ఊపాడు. నేను అందుకోలేదు. స్నేహంతో ఆగానో, వాడు అందరి ముందూ పడిపోతుంటే చూడాలని ఆగానో, అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. జోనా మాత్రం ఆపలేదు. మొహం ఎర్రగా, అందవికారంగా అయింది. నటించేటప్పుడు అంత వికారంగా లేడు. చివర్లో ఒక్క స్వరం దొరికింది. కారవాన్ తెర కదిలిందని ట్రాంబోన్ల వాళ్లు ఇప్పటికీ ఒట్టు పెట్టి చెబుతారు.

బస్సు పక్కన మాస్టారు అడిగాడు: "ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్ల పైనుంచే మాస్టారూ."

"మరి ఇందాకటి రెండు ఊళ్లు?"

జోనా నన్ను చూపించాడు.

"అనుకున్నాను," అన్నాడు మాస్టారు. "నువ్వు తాళంలో ఎప్పుడు వాయించావా అని." యూఫోనియం అనే పెద్ద ఇత్తడి వాద్యం వాయించే కెన్నెత్ ఏదో గొణిగాడు, ట్రోఫీ గురించి. మాస్టారు వినిపించుకోలేదు. "ఓవెన్, మళ్లీ మొదటి చోటికి రా. జోనా, వెనక వరసలో మూడో కార్నెట్ ఖాళీగా ఉంది. కింది స్వరాలైనా వస్తాయా?"

"కొన్ని."

"ఆ కొన్నే వాయించు. రానివి వదిలెయ్. పట్టుకుని వేషాలేశావో, నడిరోడ్డు మీద దింపేస్తాను. గురువారం గురువారం రిహార్సలు."

"గురువారం షూటింగ్ ఉంటుంది మాస్టారూ."

"అది నన్నెందుకు అడుగుతావ్?"

నాలుగో ఊళ్లో వీధి మొదట్లో నిలబడ్డాం. గోడల మీదికెక్కిన జనం ముందు వరసలో వాడి కోసం వెతుకుతున్నారు. "ఏడీ? రాలేదా?" అని ఎవరో ఆడమనిషి నన్నే అడిగింది. వెనక్కి చూశాను. వాడు చివరి వరసలో కెన్నెత్ భుజం మీద కాగితం ఆనించి, తనకి పలికే స్వరాల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటున్నాడు. పేజీలో చాలా కొద్ది గీతలు. ఒకదాని దగ్గర ఆగి, పెదవి తడుపుకుని, ఉత్త నోటితో ఊది చూసుకుని, గీత పెట్టాడు. వాడింకా గీస్తుండగానే మాస్టారు చెయ్యెత్తాడు.