అక్క రక్తం గుర్తుపెట్టుకున్నది

మిక్సీ ఆపాక బ్లేడు సన్నగా ఈల వేస్తూ ఆగుతుంది. ఆ చప్పుడుకి నాకు చట్నీ గుర్తురాదు. రక్తం గొట్టాలు తిప్పే యంత్రమూ, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడే సలోమి డాక్టరుగారూ గుర్తొస్తారు. పందొమ్మిది వందల ఎనభైల్లో ఆవిడ జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి లాబ్‌లో ఉండేవారు. కిడ్నీ మార్చాలంటే ఒకరి కణాలు ఇంకొకరి ఒంటికి పడతాయో లేదో చూడడం ఆవిడ పని. ఆ పరీక్షలకు ఎక్కువమంది పిల్లల్ని కన్న తల్లుల రక్తం కావాలి. అక్కడి సాక్చి బజారులో బట్టల కొట్టువాళ్ల పిల్లను, నోరున్నదాన్ని కనుక, వాళ్లను ఒప్పించే పని నాకిచ్చారు.

ఆ ఊళ్లోనే తెలుగువాళ్లుండే బాగ్‌బేరా బస్తీలో అప్పలనర్సమ్మ చెయ్యి చాపుతూ అడిగింది: “ఏటమ్మా, మా రగతంలో ఏటున్నాది?”

“బిడ్డలో సగం తండ్రిదే కదా. ఆ సగం పరాయిదని నీ రక్తం కనిపెట్టి గుర్తుంచుకుంటుంది,” అన్నారు డాక్టరుగారు.

“ఓలమ్మో! ఆడి మీద కోపం రగతానిక్కూడా ఎక్కీసిందేటి!”

డాక్టరుగారు పడిపడి నవ్వారు. నేనా మాటనే మిగతా ఇళ్లలో కొత్త చీరలా విప్పి చూపించి, ఆడవాళ్లను రప్పించాను.

ఆ నవ్వు మా ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. నలుగురు పిల్లల తల్లి మా అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. బావ తనది ఇస్తానన్నాడు. డాక్టరుగారు అక్క రక్తం నుంచి తీసిన పసుపు నీటిలో బావ కణాలు కలిపి, రంగు వేసి, మైక్రోస్కోపు ముందునుంచి లేచారు. “చూడు. చచ్చిన కణం నీలం తాగుతుంది.”

అన్నీ నీలమే.

నేను బేరం మొదలుపెట్టాను. “ఇంకో బొట్టుతో చూడండి. కొంచెం పడకపోతే సర్దుకోదాండీ? ఆయన పిల్లల్ని నాలుగుసార్లు మోసిందే!”

“కడుపు ఎలా సర్దుకుందో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. మోసినందుకే మిగతా ఒళ్లు గుర్తుపెట్టుకుంది. బావ కిడ్నీ పెడితే గంటల్లో పాడవుతుంది. ఆ నీలం మన మాట వినదమ్మా.”

జాకెట్టు చెయ్యి పైకి లాక్కున్నాను. నా రక్తమూ తీసి అలాగే కలిపి చూస్తే, నా కణాలు నీలం తాగకుండా తళతళలాడుతూనే ఉన్నాయి.

“నా కిడ్నీ నిలుస్తుందాండీ?”

“తెలీదు. ఇవ్వనన్నా నిన్నెవరూ ఏమీ అనరు. అననివ్వను.”

మా కొట్లో లేని రంగు అడిగితే ‘సాయంత్రానికి వచ్చేస్తుంది’ అనేవాళ్లం. తెలీదని చెప్పి, తల దించుకోకుండా నిలబడ్డ మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను.

ఆపరేషన్‌కి దక్షిణాదికి వెళ్లాం. స్ట్రెచర్ మీద అక్క నా వేలు పట్టుకుంది. “ఓలే, ఇది నిలుత్తాదంటావా?”

గ్యారంటీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“తెలీదక్కా. అయినా ఇత్తన్నాను.”

అక్క నన్ను తేరిపార చూసింది. “అయితే నిజిమే సెప్తన్నావు. పద.”

నా కిడ్నీతోనే అక్క మనవల్ని కూడా ఎత్తుకుంది. నేను కూరలవాడితో పోట్లాట ఇప్పటికీ మానలేదు. కాని భయపడి అడిగిన మనిషికి మాత్రం అమ్మకపు మాట చెప్పలేను.