చిన్నమ్మ మాలలకు కొలత నా మెడ

దుఃఖంలో ఉన్న ఇంటి నుంచి ఇలాంటి పోస్ట్ పెడుతున్నందుకు మా ఊరు దోర్నపాల్ పెద్దలకూ, బంధుమిత్రులకూ, ముఖ్యంగా మా పెద్దమ్మకూ సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను.

కోరడం వరకే. మానడం నా వల్ల కాదు.

నిన్న పొద్దున బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, మీ చిన్నమ్మ లేస్తలేదు రా."

"పడుకోనియ్యి బాబాయ్. పూసలు గుచ్చుకుంట లేటుగ పండి ఉంటది. కాసేపాగి లేపు."

ఫోన్లోనే బాబాయి ఆమెను మళ్ళీ మళ్ళీ పిలవడం వినబడింది.

అప్పుడు అర్థమైంది.

మా రాజేశ్వరి చిన్నమ్మ నిద్రలోనే పోయింది. గుండె అన్నాడు డాక్టర్. ఊళ్లో అందరి సంగతులూ చెప్పే మనిషి, ఆ ఒక్క సంగతీ మాకు చెప్పలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. హైవే పక్కన మా బాబాయి కిరాణా కొట్టు. దాని వెనక గదిలో, కిటికీ దగ్గర, ఒడిలో స్టీల్ పళ్ళెం పెట్టుకుని పూసల మాలలు గుచ్చుతూ ఉండేది చిన్నమ్మ. ఒక్కటీ అమ్మలేదు. "అమ్మితే అది పనైతది రా. ఇది నా ఆట" అనేది. నచ్చినవాళ్ళకి ఊరికే ఇచ్చేది.

సంతలో పూసలు కొనేటప్పుడు రంగు దిగుతుందో లేదో చూడటానికి ఒక పూసను నాలుకకు తగిలించేది. "అమ్మా, యే ఖానే కా నహీ హై" అని, ఇది తినేది కాదని మొత్తుకునేవాడు దుకాణం అతను.

"మాలూమ్ హై భయ్యా. నమక్ కమ్ హై." తెలుసు, ఉప్పు తక్కువైందని చిన్నమ్మ జవాబు.

మామూలు దారం తెగుతుందని గాలం దారం వాడేది. ఆ గాలం బాబాయిది. సెలవు రోజున ఆయన శబరి నది ఒడ్డుకు చేపలకు వెళ్ళి సంచి విప్పితే కర్రా కొక్కెమూ మాత్రమే ఉండేవి. బాబాయి పట్టలేకపోయిన చేపలన్నీ ఈ ఊరి ఆడవాళ్ళ మెడల్లో ఉన్నాయి.

ఇక ఈ కళారంగానికి నేను చేసిన సేవ.

చిన్నమ్మ ఏ మాలకైనా ఆఖరి ముడి మనిషి మెడ మీదే వేసేది. స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఆ మెడ నాదే. "ఆడోళ్ళను కూసోబెడితే ముచ్చట్లు పెడ్తరు, ముడి జారుతది. నీ మెడ ఖాళీగనే ఉంటది గద, ఇట్ల రా" అనేది. క్రికెట్ మధ్యలో లేచి వెళ్ళాను. బీఎస్సీ బ్యాక్‌లాగ్ వచ్చి ఏడుస్తూ కూడా వెళ్ళాను. ఈ ఊళ్లో ఏ పెళ్ళికూతురు వేసుకున్న పూసల మాలైనా ముందు నేను వేసుకున్నదే.

చిక్కేమిటంటే, నా మెడ పెరిగింది. చిన్నమ్మ అది ఒప్పుకోలేదు.

పక్కింటి అమ్మాయి పెళ్ళికి ఇచ్చిన మాల పొట్ట మీదికి దిగింది. "చిన్నమ్మా, ఇది మాలనా, బావి తాడా?" అన్నాను.

"పిల్ల సన్నబడ్డది రా. పెండ్లి రంది."

ఒక్క మెడకు మాత్రం ఆమె మాల పడలేదు. అది కూతురి మెడ.

మా చెల్లి భవాని జగదల్‌పూర్‌లో నర్సింగ్ చదువుతోంది. మొదటి ఏడాది మాల ఇస్తే, "వద్దమ్మా, హాస్టల్ల నవ్వుతరు" అని తిరిగి ఇచ్చేసింది. చిన్నమ్మ ఆ మాల విప్పి, పూసలు రంగు రంగుగా వేరు చేసి, డబ్బాల్లో పోసుకుంది.

పోయిన నెల భవానే ఫోన్ చేసింది. రూమ్‌మేట్ పూసల మాల వేసుకుందట. "మా అమ్మ దీనికంటే మంచిగ చేస్తది" అని వాదన పెట్టుకుందట. "అమ్మా, నాకొకటి చెయ్యవా?"

"చూస్త లే. ఆర్డర్లు చాన ఉన్నయ్."

ఏ ఆర్డరూ లేదు. జన్మలో ఎవరూ ఆమెకు ఆర్డర్ ఇవ్వలేదు. ఫోన్ పెట్టేసి పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది. ఆ రోజు అన్నం బాబాయీ నేనే వండుకున్నాం.

ఎరుపు, తెలుపు, మధ్య మధ్య నల్ల పూస. పోయిన వారం నా మెడకు పెట్టి చూసింది. ఇంకా వెనక కొంత గుచ్చాలి. "దానిది సన్నటి మెడ రా. నీ మెడకు రెండు వేళ్ళంత తక్కువ ముడెయ్యాలె" అంది.

ఇన్నేళ్ళలో మొదటిసారి నా మెడ లావని ఒప్పుకుంది.

ఆ మాల పూర్తి కాలేదు.

నిన్న భవాని బస్సు వచ్చేలోపే పెద్దమ్మ ఆ మాలను చిన్నమ్మ చేతిలో పెట్టి పైన కొత్త చీర కప్పింది. "సగం పని చేసినోళ్ళ తోటే పోవాలె. ఇంట్ల ఉంచొద్దు." పెద్దమ్మ మాటకు మా ఇంట్లో అప్పీలు లేదు.

అంతా అయ్యాక, స్నానాలు చేసి వచ్చాక, భవాని నెమ్మదిగా అడిగింది. "పెద్దమ్మా, అమ్మ నాకోసం మాలేమన్న మొదలువెట్టిందా?"

"వెట్టింది బిడ్డా. అమ్మ తోటే పంపిన."

భవాని ఉన్నచోటే కూలబడింది. అంతసేపూ ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

నేను జేబులో చెయ్యి పెట్టుకుని గోడకానుకుని నిలబడ్డాను. పెద్దమ్మ ఎదురుగా ఉంది.

ఈ పొద్దున్నే పెద్దమ్మ నన్ను చూసి, "ఇంత ఉక్కపోతల మెడ దాక గుండీలేంది రా?" అంది. జలుబు అన్నాను.

జలుబు లేదు.

నిన్న పెద్దమ్మ పసుపు కోసం లోపలికి వెళ్ళినప్పుడు నేను చిన్నమ్మ చేతిలోంచి మాల తీసి జేబులో వేసుకున్నాను. దాని బదులు ఆమె సూదీ, బాబాయి గాలం దారం ఉండా పెట్టాను. అక్కడ ఎవరైనా మాల అడిగితే ఆమెకు ఊరికే కూర్చోవడం రాదు.

తెల్లవారకముందే మిగతాది గుచ్చాను. చూసి చూసి వచ్చిందే తప్ప నేర్చుకున్న పని కాదు. వెనక భాగం వంకర. రెండు వేళ్ళంత తక్కువ చేసి ముడి వేశాను, కాబట్టి ఇప్పుడు నాకు ఊపిరి సరిగ్గా ఆడటం లేదు.

భవానీ, కొట్టు వెనక గదికి రా. వచ్చి నా మెడలోంచి తీసుకో.

పెద్దమ్మకు ఈ పోస్ట్ ఎవరూ చదివి వినిపించకండి.

హాయిగా పడుకో చిన్నమ్మా. కాసేపాగి కూడా నిన్నెవరూ లేపరు.