సీటీ కొట్టినంక ఎవరుంటరు

కొండలను నిలబెట్టి, వాటి రాళ్ళలో మన కంటికి కనబడని కిరణాలను కూడా మొదటి రోజు నుంచే దాచిపెట్టిన సృష్టికర్తకు స్తోత్రం. కూలి ఇంట పుట్టిన నన్ను చదివించి, ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగంలో నిలబెట్టి, వచ్చిన రీడింగును వచ్చినట్టే రాసే నిబ్బరం ఇచ్చి, ఆరోగ్యంగా వనపర్తికి తిరిగి చేర్చిన ఆయన నామానికే మహిమ. ఇక్కడ రాయబోయేది నా ఘనత కాదని ముందే చెప్పి మొదలుపెడతాను.

2011 జనవరిలో నాకు సైంటిఫిక్ అసిస్టెంట్ నుంచి సైంటిఫిక్ ఆఫీసర్‌గా పదోన్నతి వచ్చింది. హైదరాబాదు ప్రయోగశాల నుంచి పడమటి వైపు ఉన్న ఒక అణు విద్యుత్ కేంద్రానికి బదిలీ చేశారు. దాని పేరుతో ఇక్కడ పని లేదు. గద్వాల మీదుగా బస్సులో రాయచూరు చేరి రైలెక్కాలి, ఆ తర్వాత మళ్ళీ బస్సు.

నేను పనిచేసింది రియాక్టరులో కాదు, పర్యావరణ పరిశీలన ప్రయోగశాలలో. అణు కేంద్రం కట్టక ముందే దాని దగ్గర ఇలాంటి ప్రయోగశాల ఒకటి మొదలవుతుంది. కేంద్రం నడపకముందు అక్కడి నేల, నీరు ఎలా ఉన్నాయో రాసిపెట్టి, నడిచినన్నాళ్ళూ దానితో పోల్చి చూస్తుంది. మేము విద్యుత్ కేంద్రం అధికారుల కింద ఉండం, మా సంస్థ వేరు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పాలు, ఆకుకూరలు, చేపలు, తాగునీరు, మట్టి తెచ్చి పరీక్షిస్తాం. మేక గొంతులో ఉండే చిన్న గ్రంథిని కూడా తెస్తాం, ఎందుకంటే గడ్డి మీద రేడియోధార్మిక అయోడిన్ పడితే అది చేరేది అక్కడికే. మాంసం వదిలేసి గొంతు అడిగే గిరాకీ ఊరంతటికీ నేనొక్కడినేనని అక్కడి కటికవాడు ప్రతి నెలా నవ్వేవాడు.

నా భార్య సునంద వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. మా పాప అప్పుడు ఐదో తరగతి. జూన్‌లో బడులు తెరిచేనాటికి ఇద్దరూ నా దగ్గరికి రావాలని అనుకున్నాం. కేంద్రం చుట్టూ సుమారు మైలు దూరం ఎవరూ నివసించకూడదు, దాన్ని నిషేధిత మండలం అంటారు. ఉద్యోగుల కాలనీ దానికి ఇంకా చాలా అవతల ఉంటుంది. నాకు అక్కడ క్వార్టరు కూడా కేటాయించారు.

మార్చిలో జపానులో సముద్రం పొంగి అక్కడి అణు కేంద్రం దెబ్బతిన్నది. ఆత్మకూరులో మా అత్తగారింట్లో వారం రోజులు టీవీ ఆపలేదు. బామ్మర్ది దేవదాసు ఆటో నడుపుతాడు. స్టాండు నుంచే ఫోను చేశాడు.

"బావా, టీవీల జూసినవా? గంత సదువుకున్న జపానోళ్ళతోనే కాలే. మా అక్కను ఆడికి తోల్కపోత అంటున్నవంట?"

మా అత్తమ్మ రత్నమ్మ పాప టీసీ తీయనిచ్చేది లేదని చెప్పింది. సునంద మాత్రం దాచకుండా మాట్లాడింది. "అమ్మ ఒప్పుకుంటే వస్త. నాకు గూడ భయమైతుంది, అబద్ధమెందుకు" అంది.

వాళ్ళు రాకపోతే నాకు రెండే దారులు. పదవీ విరమణ దాకా ఒంటరిగా ఉండాలి, లేదా పదోన్నతి వదులుకుంటానని రాసిచ్చి పాత హోదాలో హైదరాబాదుకు తిరిగి పోవాలి. జులై నెలాఖరులోగా తేల్చుకోమని ఎస్టేటు విభాగం వారు చెప్పారు. క్వార్టరు కోసం నా వెనక వరుసలో ఇంకా మనుషులున్నారు.

కొలవడం తెలిసినవాడిని కాబట్టి కొలిచి చూపిద్దామనుకున్నాను. మా దగ్గర టీఎల్‌డీ అనే బిళ్ళలు ఉంటాయి. వీటిని ఒక చోట మూడు నెలలు వేలాడదీస్తే అక్కడి రేడియేషన్‌ను తమలో దాచుకుంటాయి. తర్వాత యంత్రంలో వేడి చేస్తే ఆ దాచుకున్నంత వెలుగు ఇస్తాయి. వెలుగును కొలిస్తే ఎంత పడిందో తెలుస్తుంది. వీటిని సొంతానికి వాడకూడదు. అందుకని దూరప్రాంతపు పోలిక కోసమని నోట్ పెట్టి ఆఫీసర్ ఇన్‌చార్జి అనుమతి అడిగాను. ఆయన సంతకం చేస్తూ ఒక షరతు పెట్టారు. రీడింగు నాకు అనుకూలంగా వచ్చినా రాకపోయినా ఇంటివాళ్ళకు చూపించి తీరాలి. ఒప్పుకున్నాను.

ఏప్రిల్ మొదట్లో ఒక బిళ్ళ నా క్వార్టరులో, ఒకటి ఆత్మకూరులో అత్తమ్మ ఇంటి ముందు గదిలో వేలాడదీశాను. ప్రయాణంలో బిళ్ళ మీద పడిన రేడియేషన్‌ను లెక్కలోంచి తీసివేయడానికి ఇంకొకటి సీసపు డబ్బాలో ఉంచాను. బిళ్ళను ముట్టవద్దని, కడగవద్దని అత్తమ్మకు చెప్పాను. పక్కింటి వాళ్ళు అడిగితే, ఇంట్లో ఏముందో అది రాసుకుంటుందని ఆమె చెప్పిందట. "అయితే నువ్వు కొడుకును తిట్టేటివి గూడ రాసుకుంటదేమో, జర పైలం" అని వాళ్ళు ఆటపట్టించారట.

జులై మొదటి వారంలో రెండింటినీ తెచ్చి యంత్రంలో చదివాం. ఆత్మకూరు బిళ్ళ రీడింగే స్పష్టంగా ఎక్కువ వచ్చింది. మాకు ఇందులో వింత లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నేలంతా గ్రానైటు. ఆ రాయిలో సహజంగానే కొంచెం యురేనియం, థోరియం ఉంటాయి. కేంద్రం ఉన్న చోట ఎర్రమట్టి రాయి, అందులో అవి తక్కువ. రెండు రీడింగులూ మనిషికి హాని చేసేవి కావు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని గెలిచినవాడిలా రైలెక్కాను.

ఆదివారం ఆరాధన ముగించుకుని అందరం ఆత్మకూరులో అత్తమ్మ ఇంటికి వచ్చాం. సునంద చాటలో బియ్యం ఏరుతోంది. కాగితం తీసి చదివి, అణు కేంద్రం దగ్గరి నా ఇంట్లో కన్నా ఈ ఇంట్లోనే రేడియేషన్ ఎక్కువ ఉందని చెప్పాను. చెబుతూ నవ్వాను కూడా. అలా నవ్వవలసింది కాదు.

అత్తమ్మ గోడ వైపు చూసింది. ఆ గోడ రాళ్ళు మా మామ కొట్టినవి. వలస పని నుంచి వచ్చిన ప్రతిసారీ కొన్ని కొట్టి, ఏళ్ళ తరబడి కట్టిన ఇల్లు అది.

"అంటే ఆయన కొట్టిన రాయి నా పిల్లలకు ఇసమంటవా అల్లుడా?"

"మంచి మాట చెప్పినవ్ బావా," అన్నాడు దేవదాసు. "మీ కాడికి రామంటే మా ఇల్లే మంచిది కాదంటివి. రేపటి సంది మేం యాడ పండాలె, ఆటోల పండాల్నా?"

నా తప్పు నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళ భయం తీర్చబోయి, వదిలి పోవడానికి వీలులేని ఇంటి మీదనే భయం పుట్టించాను. ఈ రాళ్ళ మధ్య తరతరాలుగా మనుషులు బతికారని, ఇది భయపడే మోతాదు కాదని, చెప్పిన తీరు తప్పని అరగంట సేపు వివరించాను. అత్తమ్మ విన్నది. తర్వాత కాగితం పక్కన పెట్టి అడిగింది.

"గీ లెక్కలు నాకు తెల్వయి. నాకు తెలిసింది అడుగుత. మేం డ్యాము పనికాడ ఉన్నప్పుడు మందు పేల్చేముందు సీటీ కొడుతుండ్రి. సారు పెండ్లాం పిల్లలు యాడుంటే ఆడికి దగ్గర్ల గుడిసె ఏసుకుంటుంటిమి. సారుకు తెలుస్తది గద, రాయి యాడిదాంక ఎగురుతదో. మీ పెద్ద సారు పిల్లలు యాడుంటరు?"

అదే కాలనీలో, మా క్వార్టరుకు నాలుగు వీధుల అవతల ఉంటారని, మా పాపను చేర్పించాలనుకున్న కాలనీ బడికే వాళ్ళ అబ్బాయి కూడా పోతాడని చెప్పాను. ఆమె తల ఊపింది.

"గది మంచిగనే ఉంది. సీటీ కొట్టినంక ఎవరు ఉరుకుతరు, ఎవరుంటరు?"

మా దగ్గర ఆ ఈలకు బదులు సైరన్ ఉంటుందని, అది మోగితే ఏం చేయాలో చెప్పాను. ముందు ఇళ్ళలోకి పోయి తలుపులు మూసుకోవాలి, చెప్పినప్పుడు గొంతు గ్రంథిని కాపాడే అయోడిన్ మాత్ర వేసుకోవాలి, అవసరమైతే బస్సుల్లో దూరం తీసుకుపోతారు.

"నువ్వు?"

ఆ ఒక్క సంగతి నేను సునందకు కూడా చెప్పలేదు. జనవరిలో చేరిన రోజే నా పేరు అత్యవసర సర్వే బృందంలో రాశారు. అది ఆ ఉద్యోగంలో భాగం. మొదటి వ్యానులో నేనుండాలి. గాలి ఎటు వీస్తే అటు పోయి, కొలిచి, వైర్‌లెస్‌లో చెప్పాలి. బస్సులు ఏ దారిన పోవాలో ఆ కొలతను బట్టే తేలుస్తారు. అంటే సునంద, పాప బస్సెక్కే సమయానికి నేను వాళ్ళ పక్కన ఉండను. ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను.

చాటలో సునంద చెయ్యి ఆగిపోయింది. "ఇంటివా అమ్మా? అక్కోళ్ళు ఇటు ఉరుకుతే బావ అటు పోతడంట" అన్నాడు దేవదాసు. ఈసారి ఎగతాళి లేదు.

అత్తమ్మ కూతురు వైపు తిరిగింది. నాతో కాదు, ఆమెతో చెప్పింది. "మీ నాయిన మందుకు అంటుపెట్టేటోడు. సీటీ కొట్టినంక అందరికన్న ఎనుక వచ్చేటోడు ఆయననే. నాకు దినం భయమే. అయినా ఆయన ఉన్నన్ని దినాలు నేను ఆ గుడిసె ఇడిసి రాలే. నీ ఇష్టం బిడ్డా. నేను అడ్డం రాను."

మేము ముగ్గురం సునంద వైపు చూశాం. ఆమె బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన వేసి, "సోమవారం టీసీకి రాసిస్త" అంది. నాతో ఇంకో మాట కూడా అంది. "గీ ముచ్చట మార్చిలనే చెప్తే గా బిళ్ళ ఏలాడదీసే పనే ఉండకపోవు."

నెలాఖరులోగా వాళ్ళిద్దరూ వచ్చారు. నేను పదవీ విరమణ పొందేదాకా ఆ క్వార్టరులోనే ఉన్నాం.

అత్తమ్మ ప్రశ్న నన్ను ఉద్యోగంలో కూడా వదలలేదు. అంతవరకు సీటీ కొడితే ఎవరుంటారని అడిగేవాళ్ళ వైపు నుంచి నేను ఆలోచించలేదు. మరుసటి ఏడు, ప్రమాదం వచ్చినట్టే చేసి చూసే అత్యవసర అభ్యాసం ఏర్పాట్లు జరుగుతుండగా, కొత్తగా వచ్చిన కాంట్రాక్టు కూలీల గుడిసెల దగ్గరికి పోయాను. వాళ్ళలో చాలామంది మనవాళ్ళే, అమ్రాబాద్, నాగర్‌కర్నూల్ వైపు వాళ్ళు. మైకులో అక్కడి భాషలో ఏం చెబుతారో వినిపిస్తే, "సారూ, గాళ్ళ మాట మాకు సగమే తెలుస్తది" అన్నారు. ఆఫీసర్ ఇన్‌చార్జి ద్వారా నోట్ పెట్టాను, కేంద్రం వారు వెంటనే ఒప్పుకున్నారు. తెలుగు ప్రకటన రాసింది నేను, చదివి రికార్డు చేసింది సునంద. నా వాక్యాలు పొడుగున్నాయని, ఉరికేవాడికి అన్ని మాటలు చెవికెక్కవని సగం కొట్టేసింది.

అభ్యాసం రోజు సైరన్ మోగింది. నేను వ్యానులో గుడిసెల పక్కగా కేంద్రం వైపు పోతున్నాను. గుడిసెల దగ్గర మైకులో మా ఇంటి గొంతు పాలమూరు మాటలో తలుపులు మూసుకొమ్మని చెబుతోంది, ఆడవాళ్ళు పిల్లలను లోపలికి పిలుచుకుంటున్నారు. నా సర్వీసులో ప్రశంసాపత్రాలు రెండు వచ్చాయి. వాటికన్నా ఆ పూట గురించి చెప్పుకోవడమే నాకు ఇష్టం.

అణు కేంద్రం దగ్గర ఉండవచ్చా అని ఇప్పటికీ వనపర్తిలో కొందరు నన్ను అడుగుతారు. రోజువారీ రేడియేషన్ సంగతి కొలిచి చెప్పవచ్చు, అది నిజంగానే తక్కువ. కానీ ఇల్లు మార్చేవాళ్ళు అడిగేది అదొక్కటే కాదు. చెడు రోజు వస్తే ఎవరు ముందుగా చెబుతారు, ఏ భాషలో చెబుతారు, చెప్పినవాడు ఎక్కడ నిలబడతాడు అని కూడా అడుగుతారు. రెండింటికీ జవాబు చెప్పగలిగినవాడే వాళ్ళను రమ్మని పిలవాలి. నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఇదే.

ఇది చదివినవారు నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి. ఈ రోజు సర్వే వ్యాను డ్యూటీలో ఉన్నవారు కొలిచింది కొలిచినట్టే చెప్పేలాగున, వాళ్ళ మాట మీద బస్సెక్కవలసిన ప్రతి ఇంటికీ ఆ మాట అర్థమయ్యేలాగున, దేవుడు వారికి తోడుగా ఉండమని అడగండి.