రుచి చూడని వంటమనిషి

యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ మెస్సుకి పెద్ద వంటమనిషి కృపారాణి. పొయ్యి దగ్గర ఆమె మాటే మాట. పదిహేడేళ్ళుగా నాలుగువందల మందికి సాంబారు కాస్తున్న చెయ్యి అది. కొలతలూ గిలతలూ ఏమీ లేవు, పిడికిలే కొలత. చదువులు ముగించి ఉద్యోగాలకి వెళ్ళిపోయిన అమ్మాయిలు సైతం పక్కనున్న తార్నాక వైపు పని పడితే భోజనం వేళ చూసుకుని మరీ వస్తారు. ఆ సంగతి ఆమెకి తెలుసు, తెలిసినట్టే నడుస్తుంది కూడా.

అలాంటి మనిషికి నలభై ఆరో ఏట ఒళ్ళు ఎదురుతిరిగింది. ఏప్రిల్ ఎండల్లో, అదీ పొయ్యి పక్కన, స్వెటర్ వేసుకుని వణికింది. జుట్టు దువ్వెనకి చుట్టుకుని ఊడి వచ్చేది. గొంతు బొంగురుపోయింది. కూరగాయల గంపకి తల ఆనించి కునుకు తీస్తుంటే అమ్మాయిలు ఫోటోలు తీసి నవ్వుకున్నారు. తార్నాక మెట్రో దగ్గర ఆటో నడిపే భర్త సామేలు ఇక లాభం లేదని, ఆటో ఎక్కించి అక్కడే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు.

రక్తపరీక్షలు చూసి డాక్టరమ్మ థైరాయిడ్ అంది. ఒంట్లోకి రోగాలు రాకుండా కాపలా కాయవలసిన బలగమే, గొంతు ముందున్న థైరాయిడ్ గ్రంథిని పరాయిదనుకుని దెబ్బతీస్తోందట.

“అంటే మా వాచ్‌మన్ మమ్మల్నే గేటుకాడ ఆపినట్టా మేడం?” అని కృపారాణి అడిగింది. డాక్టరమ్మ నవ్వి, సరిగ్గా అదేనంది. ఆ వాచ్‌మన్‌ని మార్చలేం గాని, గ్రంథి చెయ్యలేని పని మాత్ర చేస్తుంది. రోజూ పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి, తరవాత గంటసేపు నోట్లో ఏమీ పడకూడదు, జీవితాంతం ఇంతే అని చెప్పి పంపింది. జీవితాంతం అన్న మాటకి సామేలు బెంగపడ్డాడు గాని కృపారాణి పడలేదు. ఉప్పు కూడా జీవితాంతమే కదా తింటున్నాం అంది.

మాత్రల డబ్బా మెస్సులోనే బియ్యం గదిలో పెట్టుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి సీతాఫల్‌మండి నుంచి సామేలు ఆటోలో వచ్చి దిగడం, మాత్ర వేసుకోవడం, పొయ్యి వెలిగించడం. ఒక్కరోజు తప్పలేదు. అయినా ఎప్పుడు రక్తపరీక్ష చేయించినా థైరాయిడ్ అంకె దిగదే! డాక్టరమ్మ మోతాదు పెంచింది. మళ్ళీ పెంచింది.

ఈలోగా అసలు కొంప మునిగే వ్యవహారం మొదలైంది. కృపారాణి నాలుక మొద్దుబారింది. ఈ జబ్బులో అలా కావచ్చని ఆమెకేం తెలుసు? ఒకరోజు సాంబారు ఉప్పు కషాయం, ఇంకోరోజు ఉప్మా చప్పిడి. అనుమానం వచ్చి గరిటెడు రుచి చూసేది, తెలియక ఇంకో గరిటెడు. మెస్సు నడిపే వీరస్వామి రెండుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మూడోసారి అమ్మాయిలు కంచాలు పట్టుకుని వార్డెన్ గదికి పోయేసరికి అతనికీ ఓపిక పోయింది. ఇంకొక్కసారి ఉప్పు ఎక్కువైతే శివమ్మని పొయ్యి దగ్గర నిలబెట్టి, కృపారాణిని కత్తిపీట ముందు కూర్చోబెడతానని అందరి ముందూ అనేశాడు.

శివమ్మ ఎనిమిదేళ్ళుగా కృపారాణి చేతికింద పనిచేస్తోంది. పనిమంతురాలు. ఆ మాట విని తల వంచుకుంది గాని, వద్దని మాత్రం అనలేదు. కృపారాణి మనసులో అది ముల్లులా దిగింది.

ఆ వారమే ఆమె కళ్ళు తిరిగి పడబోతే శివమ్మే పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఈసారి డాక్టరమ్మ మోతాదు జోలికి పోలేదు. లేచింది మొదలు టిఫిన్ వేళదాకా ఏమేం చేస్తావో వరసగా చెప్పమంది. మాత్ర వేసుకుంటానని, చాయ్ పెడతానని, చట్నీ నూరి సాంబారు కాస్తానని, మధ్యలో మెతుకు ముట్టనని, దేవుని తోడని కృపారాణి గడగడా చెప్పింది.

“చాయ్ సగం గిలాసు చూస్తది కద మేడం,” అంది శివమ్మ పక్కనుంచి. “చట్నీ, సాంబారు గంటెలకొద్ది చూస్తది.”

కృపారాణికి ఒళ్ళు మండిపోయింది. “రుచి చూసుడు తినుడు ఎట్లయితది?”

ఆమె అబద్ధమాడలేదు పాపం. వంటశాలలో దాన్ని ఎవరూ తిండి కింద లెక్కెయ్యరు. శుక్రవారం ఉపవాస ప్రార్థన రోజున కూడా గంగాళం గంగాళానికీ రుచి చూసి, ఉపవాసం ఉన్నానని నిండు మనసుతో మోకాళ్ళూనే మనిషి ఆమె.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పాలచాయ్ గాని, ఆ సాంబారు గాని వెంటనే పడితే మాత్ర ఒంటపట్టదు. పట్టక నాలుక మొద్దుబారింది, మొద్దుబారిందని మరింత రుచి చూస్తోంది, చూసినకొద్దీ మాత్ర మరింత వృథా అవుతోంది. మోతాదు మొదటికే తగ్గించి, ఆరు వారాలపాటు రోజూ మాత్ర వేసుకున్నాక గంటసేపు నోరు కట్టేసుకోమంది. రాత్రి వేసుకుందామంటే మెస్సువాళ్ళు అందరికీ వడ్డించి తినేసరికి పదవుతుంది, నిండు కడుపుతోనే పడుకుంటారు. ఇంకా ముందు లేద్దామంటే ఉన్న నిద్రే అయిదు గంటలు. కాబట్టి పొద్దున రుచి ఇంకొకరు చూడాలి. ఆ ఇంకొకరు శివమ్మే.

తిరుగుదారిలో కృపారాణి శివమ్మకి ఎడంగా నడిచింది. కోపం కన్నా భయమే ఎక్కువ ఆమెకి. ఉప్పు విషయంలో శివమ్మ ఒక్క అబద్ధం ఆడితే చాలు, పదిహేడేళ్ళ పెద్దరికం పోయి కత్తిపీట ముందు పడుతుంది.

మర్నాడు సాంబారు తెర్లుతుండగా శివమ్మ నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని నాకింది. నాలుక చప్పరించింది.

“ఉప్పు సాలలే అక్కా. ఇంకో పిడికెడు పడాలె.”

ఉప్పు ఎక్కువయ్యే కదా ఇంత గొడవ! పిడికిట్లో ఉప్పు పట్టుకుని కృపారాణి గంగాళం ముందు నిలబడిపోయింది. ఒక్క చుక్క చూస్తే ఏం పోయిందని ప్రాణం పీకుతోంది. చుక్కతో ఆగదని, నాలుగు గరిటెలవుతుందని తనకే తెలుసు. శివమ్మ ముఖంలోకి చూసింది. శివమ్మ చూపు తిప్పుకోలేదు.

“నీ బిడ్డకు పెట్టేదైతె గూడ వేస్తవా?”

“వేస్త.”

కృపారాణి గంగాళంలోకి పిడికిలి వదిలేసింది.

ఆ పొద్దు సాంబారు ఎనిమిదిన్నరకే అయిపోయింది. ఆలస్యంగా వచ్చిన అమ్మాయిలు అడుగున గీకైనా పెట్టమని గొడవ చేశారు. కృపారాణి బియ్యం గదిలోకి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గండం గడిచినందుకు కాదు, ఎనిమిదేళ్ళు పక్కన నిలబడ్డ మనిషిని అనుమానించినందుకు. సిగ్గుతో చచ్చిపోయింది.

ఆరు వారాలకి అంకె దారికొచ్చింది. గొంతు తేరింది, ఒంట్లో సత్తువ వచ్చింది. మధ్యాహ్నం పప్పులో పులుపు ఒక్క రవ్వ ఎక్కువైనా పట్టేసే నాలుక తిరిగొచ్చింది. ఆ సంగతి విని వీరస్వామి ఓ తెల్లవారుజామున సాంబారు పొయ్యి మీదుండగానే వచ్చాడు. ఇక పొద్దున కూడా నువ్వే చూసుకో, పెద్ద వంటమనిషి పక్కవాళ్ళని అడగడం ఏం బాగుంటుందన్నాడు.

జబ్బు పోలేదని, పోయేది కాదని, మాత్ర ఒంటపట్టినన్నాళ్ళే ఈ చెయ్యి ఇలా ఉంటుందని కృపారాణి నెమ్మదిగా చెప్పింది. అతను ఇంకా నసుగుతుంటే గొంతు పెంచింది.

“పొద్దుగాల ఆరు దాకా నా నాలుక శివమ్మ కాడ ఉంటది సార్. నన్ను పొయ్యికాడ ఉంచాల్నంటె ఆమెను గూడ నా పక్కన ఉంచాలె.”

వీరస్వామి సరేనని పక్కకి జరిగాడు. శివమ్మ అప్పటికే అరచెయ్యి చాపి నిలబడింది. కృపారాణి గరిటె ముంచి అందులో నాలుగు చుక్కలు వేసింది.